ఎలక్ట్రికల్, బయోమెడికల్ రెండూ కావాలంటే ఏ కాలేజీలో చేరాలి?

నీ ప్రశ్న పొడుగ్గా ఉంది. ముందు కుదించి చెప్తా, సరిగ్గా అర్థమైందో లేదో చూసుకో. (నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకమ్మా, మా పెద్దమ్మాయి నీకంటే ఏడాది పెద్దది.) ఊరు పరకాల. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉంది, చిన్నప్పటి నుంచి అక్కడే తిరగడం వల్ల కరెంటు పనంటే ఇష్టం. కిందటేడు నానమ్మను ఐసీయూలో పెట్టినప్పుడు మంచం చుట్టూ ఉన్న మిషన్లు చూసి, ఇలాంటివి తయారుచేసే చదువు చదవాలనిపించింది. ఎలక్ట్రికల్, బయోమెడికల్ కలిపి చదవాలంటే ఏ కాలేజీ? వరంగల్ చుట్టుపక్కల కుదురుతుందా, లేక బయోమెడికల్ అని పేరున్న చోటికే పోవాలా? ఇంటర్‌లో బయాలజీ లేదు, ఇబ్బందా?

సూటిగా జవాబు. బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్)లో గానీ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్)లో గానీ చెయ్యి. బయోమెడికల్‌ను దానిమీద కట్టుకో. మైనర్‌గా (అసలు బ్రాంచికి తోడు అదనంగా చేసే చిన్న కోర్సు) కావచ్చు, ఫైనలియర్ ప్రాజెక్టుగా కావచ్చు, ఎంటెక్‌గా కావచ్చు. కాలేజీని చూసేటప్పుడు బ్రాంచి పేరులో బయో ఉందా లేదా అని వెతకకు. ఆ కాలేజీ ల్యాబు నుంచి ఒక పెద్ద ఆస్పత్రి దాకా పిల్లలు నడిచిన దారి ఉందా అని వెతుకు. ఆ లెక్కన చూస్తే వరంగల్ నీకేం తక్కువ ఊరు కాదు.

ఈ మాట చెప్పడానికి నేనెవరిని అంటావా? హన్మకొండలో ఈఈఈ చేశాను, 1990ల చివర్లో. తర్వాత ఆస్పత్రి పరికరాల సర్వీస్ ఇంజినీర్‌గా పదకొండేళ్లు వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ రోడ్లు కొలిచాను. ఇప్పుడు హైదరాబాద్‌లో పేషెంట్ మానిటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో డిజైన్ టీమును చూస్తున్నాను. కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూర్చునేది కూడా నేనే.

ఎలక్ట్రికల్ ముందు అని ఎందుకంటున్నానో ఒక కేసుతో చెప్తా.

పాత ఆదిలాబాద్ జిల్లాలో ఒక నర్సింగ్ హోమ్. మే నెల. నాలుగు మంచాల ఐసీయూ. ఈసీజీ గీత సన్నగా రావాల్సింది పోయి, పెన్సిల్‌తో రుద్దినట్టు లావుగా వస్తోంది. డాక్టరు గారు కేబుల్ మార్చారు, ఎలక్ట్రోడ్లు మార్చారు, పక్క ఆస్పత్రి నుంచి మిషనే అరువు తెచ్చి పెట్టి చూశారు. అన్నింట్లో అదే లావు గీత. కంపెనీని తిట్టి నన్ను పిలిపించారు. నేను రాత్రి బస్సెక్కి, సంచిలో స్పేర్ బోర్డు పెట్టుకొని పోయాను. బోర్డు మార్చాను. ఏమీ మారలేదు. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు, సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటర్ పెట్టాను. ఉండకూడనంత వోల్టేజీ చూపిస్తోంది. బిల్డింగ్ వెనక ఎర్త్ పిట్టు (ఎర్త్ తీగను నేలలో పాతిన గుంట) దగ్గరికి పోతే నేల బీటలు వారి ఉంది. ఎప్పుడు నీళ్లు పోశారని అడిగితే వాచ్‌మన్ నవ్వాడు. నాలుగు బకెట్లు పోసి పది నిమిషాలు ఆగి వచ్చి చూస్తే గీత సన్నబడింది. తర్వాత బొగ్గు, ఉప్పు వేసి కొత్త పిట్టు తవ్వించారనుకో.

ఆ కాల్ మీ నాన్నగారికి వచ్చి ఉంటే పిట్టు దగ్గరికే ముందు పోయేవారు. నేను రాత్రంతా ప్రయాణం చేసి, ఒక బోర్డు వృథాగా మార్చి, ఆ తర్వాత అక్కడికి చేరాను.

ఇందులో ఉన్న శాస్త్రం ఏమిటంటే, ఒంటిమీద దొరికే ఈసీజీ సిగ్నల్ సుమారు 1 మిల్లీ వోల్టు. మెదడు నుంచి వచ్చే ఈఈజీ అయితే 10 నుంచి 100 మైక్రో వోల్టులు, అంటే ఇంకా చిన్నది. గోడల్లో పోయే 50 హెర్ట్జ్ వైరింగ్ మన ఒంటిమీదికి అంతకు ఎన్నో రెట్లు ఎక్కిస్తుంది. ఆ హోరులోంచి ఈ గుసగుసను ఏరుకోవాలి. నానమ్మకు ఈసీజీ తీసినప్పుడు కుడికాలికి కూడా ఒక క్లిప్ పెట్టి ఉంటారు, గుర్తుందా? దాంతో గుండెను కొలవరు. చేతుల మీద, ఎడమకాలి మీద సమానంగా కనిపించే హోరును తీసుకొని, తలకిందులు చేసి, కుడికాలి గుండా ఒంట్లోకే తిరిగి పంపిస్తారు. హోరు చాలావరకు చచ్చిపోతుంది. ఇది ఎలక్ట్రికలా, బయోమెడికలా? కామన్ మోడ్ (అన్ని తీగల మీద సమానంగా వచ్చేది), నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (తలకిందులు చేసి తిరిగి పంపడం) అర్థమైనవాళ్లకు ఒక్క సాయంత్రం పని. అవి రానివాళ్లు కుడికాలి క్లిప్ అని బట్టీ పట్టి ఊరుకుంటారు.

ఇంకోటి. మీ షాపులో ఈఎల్‌సీబీ ఉంటే దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటుంది చూడు. అంత లీకయితే ట్రిప్ అవుతుంది. గుండెకు నేరుగా తగిలే భాగం ఉన్న వైద్య పరికరానికి ఐఈసీ 60601 ప్రమాణం మామూలు స్థితిలో ఒప్పుకునే పేషెంట్ లీకేజీ 10 మైక్రో ఆంపియర్లు. మూడు వేలో వంతు. చర్మం అడ్డు లేకుండా గుండెదాకా తీగ పోయినప్పుడు లెక్కలన్నీ మారిపోతాయి. ఎందుకు మారతాయో తెలియాలంటే ఒళ్లు తెలియాలి, ఆ 10కి లోపల ఎలా ఉంచాలో తెలియాలంటే ట్రాన్స్‌ఫార్మర్, ఇన్సులేషన్ తెలియాలి. నువ్వు అడిగిన రెండు చదువులూ కలిసేది సరిగ్గా ఇక్కడ.

మరి ఒక్క ఎలక్ట్రికల్ చాలదా అంటే, చాలదు. దీనికి నా తప్పే సాక్ష్యం.

సర్వీసులో రెండో ఏడు. ఒక సిరంజి పంపులో, అంటే మందును కొద్దికొద్దిగా ఒంట్లోకి ఎక్కించే మిషన్‌లో, అలారం బజర్ పోయింది. కంపెనీ స్పేర్ రావాలంటే మూడు వారాలు. నేను కోఠి గుజరాతీ గల్లీకి పోయి అదే వోల్టేజీది, అదే సైజుది కొనుక్కొచ్చి అతికించాను. నా బల్లమీద బ్రహ్మాండంగా మోగింది. వార్డులో ఇచ్చేటప్పుడు హెడ్ సిస్టర్ నన్ను నర్సింగ్ స్టేషన్ దాకా తీసుకుపోయి నిలబెట్టి, వెనక్కి పోయి పంపు ఆన్ చేసి, అలారం మోగాలని ట్యూబు మడిచింది. ఏసీ హోరు, పక్క మంచం మానిటర్ శబ్దం, ఎవరిదో ఫోను. తిరిగొచ్చి "వినపడ్డదా బాబూ?" అంది. వినపడలేదు. అది తీసుకుపో అంది, అంతే, ఒక్క మాట ఎక్కువ అనలేదు. అలారాల కోసమే ఐఈసీ 60601-1-8 అని విడిగా ఒక ప్రమాణం ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది. నాలుగేళ్ల ఈఈఈలో ఎవరూ నన్ను వార్డులో నిలబెట్టలేదు మరి.

ఇంటర్వ్యూల్లో నాకు రోజూ కనపడేది ఈ రెండు లోట్లే. బయోమెడికల్ చదివి వచ్చిన పిల్లలు గుండె బొమ్మ అందంగా వేస్తారు, నాలుగు గదులూ వాల్వులూ చెప్తారు, రోగిని మెయిన్ కరెంటు నుంచి విడదీసి ఉంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకమ్మా అంటే నేల చూస్తారు. ఈఈఈ పిల్లలు ట్రాన్స్‌ఫార్మర్ గీసేస్తారు, 10 మైక్రో ఆంపియర్లు కూడా ప్రమాదమా సార్ అని నన్నే అడుగుతారు. ఇద్దరిలో ఎవరిని తీసుకుంటావంటే రెండోవాళ్లనే. గుండె గురించి ఆరు నెలల్లో నేర్పగలను. సర్క్యూట్ల మీద పట్టు ఉద్యోగంలో చేరాక నేర్పడం నా వల్ల కాలేదు, ఇద్దరు ముగ్గురితో ప్రయత్నించి చేతులెత్తేశాను. అందరి అనుభవం ఇదే కాకపోవచ్చు. క్లినికల్ ఇంజినీరింగ్, అంటే ఆస్పత్రిలోనే ఉండి పరికరాలు కొనడం, పరీక్షించడం, మరమ్మతు చేయించడం చూసే నా స్నేహితుడొకాయన నాతో దీనిమీద ఎప్పుడూ వాదనకే దిగుతాడు. ఆయన పనికి బయోమెడికల్ పిల్లలే నయమంటాడు. ఆయన వైపు నుంచి అది నిజమే.

ఇప్పుడు ఈఈఈనా, ఈసీఈనా. ఎక్స్‌రే మిషన్ మీ ఇంటికొచ్చే కరెంటునే తీసుకొని ట్యూబుకు 40 నుంచి 150 కిలో వోల్టులు ఇస్తుంది. క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాలను ఎక్స్‌రేతో చూసే గది), ఎంఆర్ఐ గ్రేడియంట్ యాంప్లిఫయర్లు, డీఫిబ్రిలేటర్, ఇవన్నీ పవర్ ఎలక్ట్రానిక్స్. ఇది ఈఈఈ ఇల్లు. ఈసీజీ, ఈఈజీ, అల్ట్రాసౌండ్, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్, వీటిలో చిన్న సిగ్నళ్లు, వాటి ప్రాసెసింగ్ ఎక్కువ, ఇది ఈసీఈ వైపు. నీ మాటల్ని బట్టి నీకు ఈఈఈ నప్పుతుంది. కానీ ఒక జాగ్రత్త. చాలా కాలేజీల్లో ఈఈఈ అంటే మూడొంతులు పవర్ సిస్టమ్సే, గ్రిడ్డు, రిలేలు, సబ్‌స్టేషన్లు. సిలబస్ పీడీఎఫ్ దించుకొని సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, మైక్రోకంట్రోలర్లు, ఇన్‌స్ట్రుమెంటేషన్, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ ఉన్నాయా, ఉంటే తప్పనిసరా, ఎలక్టివ్‌గానా చూడు. చివరి రెండూ కనపడకపోతే ఆ కాలేజీలో ఈసీఈ తీసుకో. (సీఎస్ఈ సంగతి నువ్వు అడగలేదు, సంతోషం. నైంనగర్ నుంచి సుబేదారి దాకా ఏ చుట్టం ఇంటికి పోయినా అదే చెప్తారు, నేను కూడా ఎందుకు?)

కాలేజీలకు వద్దాం.

ఎన్‌ఐటీ వరంగల్. జేఈఈ మెయిన్ ద్వారా. సగం సీట్లు సొంత రాష్ట్రంవాళ్లకు, ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసైతే అదే సొంత రాష్ట్రం. అమ్మాయిలకు సూపర్‌న్యూమరరీ, అంటే అదనపు సీట్లు వేరే ఉంటాయి, కాబట్టి పోయినేడాది కటాఫ్ చూసేటప్పుడు అమ్మాయిల వరుస విడిగా చూడు, అబ్బాయిల ర్యాంకులు చూసి బెదిరిపోకు. ఈఈఈ, ఈసీఈ రెండూ బలమైనవి. అక్కడ బయోటెక్నాలజీ కూడా ఉంది కానీ బయోటెక్నాలజీ వేరు, బయోమెడికల్ వేరు. ఒకటి కణాలు, ఎంజైములు, ఫర్మెంటేషన్. రెండోది పరికరాలు. కౌన్సెలింగ్ హడావిడిలో ఈ పొరపాటు చేసి ఏడ్చినవాళ్లను చూశాను.

చిత్రమేమిటంటే ఎన్‌ఐటీ, అప్పటి ఆర్ఈసీ, 1959లో మొదలైంది, నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా అదే 1959. ఒకే ఊళ్లో ఒకే ఏడాది పుట్టిన కవలలు. ఒకటి కాజీపేట దారిలో, ఇంకోటి వరంగల్ వైపు, మధ్యలో ఆటో ఎక్కితే అందే దూరం. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఎంజీఎం ఆస్పత్రి ఉంది. ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మం నుంచే కాదు, గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు వస్తారు. పరికరాలు తయారుచేయాలనుకునేవాళ్లకు అంతకంటే పెద్ద బడి ఎక్కడుంటుంది? బెంగళూరులో ఏసీ గదిలో కూర్చొని డిజైన్ చేసిన మానిటర్ మన దగ్గర దుమ్ముకు, వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు, మే నెల వేడికి ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

కిట్స్ వరంగల్. 1980 నుంచి ఉంది, ఎప్‌సెట్ ద్వారా. జేఈఈ అనుకున్నట్టు రాకపోతే ఇంటి దగ్గర ఇది గట్టి ఎంపిక. జగిత్యాల దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ వాళ్ల సొంత కాలేజీ ఉంది, ప్రభుత్వ ఫీజు, ఈఈఈ ఉంది. కానీ పెద్ద ఆస్పత్రి మాత్రం పక్కనే ఉండదు. మిగతా ప్రైవేటు కాలేజీల గురించి ఒక్కొక్కటీ రాయను, కింద చెప్పే పరీక్ష పెట్టి నువ్వే తేల్చుకో.

బయోమెడికల్ అనే పేరుతోనే కావాలంటే: ఉస్మానియా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో బీఈ బయోమెడికల్ ఉంది, నర్సాపూర్ బీవీఆర్ఐటీలో బీటెక్ ఉంది, రెండూ ఎప్‌సెట్. జేఈఈ అడ్వాన్స్‌డ్‌తో ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది. ఎన్‌ఐటీల్లో రూర్కెలా, రాయ్‌పూర్‌లలో ఉంది, నీకు బయటి రాష్ట్రం కోటా వర్తిస్తుంది. వీటిలో ఐఐటీ హైదరాబాద్ సీటు వస్తే నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టి చేరిపో. అక్కడ బయోమెడికల్ పేరు కింద కూడా ఎలక్ట్రానిక్స్, సిగ్నల్స్ గట్టిగా చదువుకోవచ్చు. ఉస్మానియా సంగతి కొంచెం ఆలోచించాల్సిందే. పాత విభాగం, ఫీజు తక్కువ, చుట్టూ పెద్ద పెద్ద ఆస్పత్రులు. ఉస్మానియా బయోమెడికల్‌కూ, ఆస్పత్రి అనుబంధం ఏమీ లేని ఒక మామూలు ప్రైవేటు కాలేజీ ఈఈఈకీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే నేనైతే ఉస్మానియాకే పంపుతాను. మేనేజ్‌మెంట్ కోటాలో డొనేషన్ కట్టి మాత్రం బయోమెడికల్‌లో చేరొద్దు. ఆ డబ్బు ఎంటెక్‌కు దాచుకోండి.

ఆస్పత్రికీ ల్యాబుకూ దారి అని ఊరికే అనలేదు. అబ్దుల్ కలాం గారు హైదరాబాద్ క్షిపణుల ల్యాబు డీఆర్‌డీఎల్‌లో ఉన్నప్పుడు నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టరు ఒకాయన ఆ ల్యాబు చూడటానికి వచ్చి, క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, కలాంను తన ఆస్పత్రికి తీసుకుపోయారు. పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. అవి 300 గ్రాములకు దిగాయి. కలాం చదివింది ఏరోనాటిక్స్. ఆ డాక్టరు ల్యాబుకు రాకపోయి ఉంటే, ఈయన వార్డుకు పోకపోయి ఉంటే, ఎవరి డిగ్రీ ఏదైనా ఆ పిల్లలకు ఒరిగేదేం లేదు.

అందుకే కాలేజీకి పోయినప్పుడు ఇవి అడుగు. మొహమాటపడకు, నాన్నను కూడా తీసుకుపో.

పోయినేడాది ఫైనలియర్ ప్రాజెక్టుల జాబితా చూపించమను. అందులో వైద్యానికి సంబంధించినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. అన్నీ 'ఆర్డినోతో హార్ట్ బీట్ మానిటర్' లాంటివే ఉంటే అవి బజార్లో కొన్న కిట్లు. ఒక్క ప్రాజెక్టులోనైనా డాక్టరు పేరు సహ గైడ్‌గా ఉంటే, ఆ గైడ్ సార్‌ను వెతికి పట్టుకో. కాలేజీ కంటే ఆయనే ముఖ్యం.

ఆస్పత్రితో ఎంఓయూ (ఒప్పందం) ఉంది అని గోడమీద ఫొటో చూపిస్తారు. ఆ ఎంఓయూ కింద కిందటి సెమిస్టర్‌లో ఎంతమంది పిల్లలు ఆస్పత్రికి పోయారని అడుగు. సమాధానం అంకెలో రావాలి.

మైనర్ సంగతి. ఏఐసీటీఈ నమూనా ప్రకారం బీటెక్ సుమారు 160 క్రెడిట్లు, మైనర్ కావాలంటే ఇంకో 18 నుంచి 20 అదనంగా చేయాలి. నిబంధనల పుస్తకంలో బయోమెడికల్ మైనర్ ఉండటం ఒక ఎత్తు, నిజంగా క్లాసు నడవడం ఒక ఎత్తు. తగినంతమంది చేరలేదని ఎత్తేస్తారు, లేదా నీ మెయిన్ ల్యాబు గంటలోనే పెడతారు. సీనియర్లను అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మైనర్ లేకపోయినా నష్టం లేదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో బయోమెడికల్ కోర్సులు ఉంటాయి, పరీక్ష రాసి క్రెడిట్లుగా మార్చుకోనిస్తారా అని అడుగు.

ల్యాబులో ఆసిలోస్కోప్ ప్రోబులు చూడు. కొత్తగా మెరుస్తూ కవర్లో ఉంటే ఎవరూ ముట్టుకోవడం లేదని. కొన విరిగి, టేపు చుట్టి ఉంటే అది పనిచేసే ల్యాబు.

తర్వాతి మెట్టు. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు విడి పేపర్ ఉంది, కానీ ఎక్కువ చోట్ల ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ పేపర్ రాసినవాళ్లకూ బయోమెడికల్ ఎంటెక్‌లో తలుపు తెరిచే ఉంటుంది. నీలాంటివాళ్లకు నేను మొదట చెప్పేది ఐఐటీ మద్రాసు, వేలూరు సీఎంసీ ఆస్పత్రి, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్. ఒకరు ఇంజినీరింగ్ చెప్తారు, ఒకరు వార్డులో నిలబెడతారు, శ్రీచిత్ర వాళ్లయితే మన దేశపు గుండె వాల్వును సొంతంగా తయారుచేసినవాళ్లు. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబే కూడా మంచివే.

ఉద్యోగాల గురించి మెత్తగా చెప్పను. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన నీ స్నేహితురాలి కంటే తక్కువే ఉంటుంది, కొన్నేళ్లు అలాగే ఉంటుంది. పని దొరికే చోట్లు పెరిగాయి. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు, విశాఖలో మెడ్‌టెక్ జోన్, బెంగళూరులో పెద్ద కంపెనీల డిజైన్ కేంద్రాలు. ఈఈఈ డిగ్రీ చేతిలో ఉంటే ఇంకో ధైర్యం, ఈ రంగం నచ్చకపోతే ట్రాన్స్‌కో, డిస్కం ఏఈ పోస్టులకు అర్హత ఉంటుంది. బయోమెడికల్ డిగ్రీతో ఆ తలుపు తెరుచుకోదు. ఇంట్లోవాళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పు, సగం వాదన తగ్గుతుంది. ఆస్పత్రిలో బయోమెడికల్ ఇంజినీర్ని అని చెప్పుకుంటే కొందరు బయోమెడికల్ వ్యర్థాలు వేసే పసుపురంగు చెత్తబుట్టలు చూపించి ఇవి ఎప్పుడు తీసుకుపోతారు అని అడుగుతారు, దానికి కూడా సిద్ధపడు. నన్ను రెండుసార్లు అడిగారు.

చివరి ప్రశ్న, బయాలజీ. ఇబ్బంది లేదు. ఈ పనికి కావాల్సింది కప్పల వర్గీకరణ, మొక్కల కుటుంబాలు కాదు, శరీరధర్మశాస్త్రం. గుండె ఎలా కొట్టుకుంటుంది, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎంత, నరంలో సిగ్నల్ ఎలా పోతుంది. నరాన్ని ఆర్సీ (రెసిస్టర్, కెపాసిటర్) సర్క్యూట్‌గా గీసి చూపించే పుస్తకం చేతికొస్తే బైపీసీ పిల్లల కంటే నీకే ముందు అర్థమవుతుంది. ఇంటర్ పరీక్షలు, జేఈఈ, ఎప్‌సెట్ అయ్యేదాకా అలాంటి పుస్తకాల జోలికి పోకు. అయ్యాక సెలవుల్లో మీ ఊరి దగ్గర ఏదైనా నర్సింగ్ హోమ్ డాక్టరు గారిని అడిగి, ఒక వారం ఊరికే కూర్చొని సిస్టర్లు మానిటర్‌తో ఏం చేస్తున్నారో చూడు. ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కుతున్నారు, ఏ అలారం మోగినా పట్టించుకోకుండా ఆపేస్తున్నారు, రాసిపెట్టుకో. ర్యాంకులు వచ్చాక జేఈఈ, ఎప్‌సెట్ రెండు నంబర్లూ, ఆ రాసిపెట్టుకున్నదీ ఇక్కడే పెట్టు. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఏ వరుసలో పెట్టాలో అప్పుడు చూద్దాం.